సుధ – సౌధం

సంస్కృతంలో ‘సుధ’ అనే పదానికి అమృతమనీ, సున్నమనీ రెండర్థాలు. సుధతో పూత పెట్టిన భవనమే ‘సౌధం’. ఆ లెక్కన, పండుగకు ముందు స్వహస్తాలతో వెల్లవేసుకొన్న మట్టిగోడల ఇల్లు కూడా సౌధమే.

మట్టితోనో, సున్నపు గచ్చుతోనో కట్టిన పాత ఇళ్ళు గల భక్తులు ఒక విషయం గమనించాలి. నేల నుండి గోడలోకి పాకే చెమ్మ సున్నపు పూత గుండా ఆరిపోతుంది. సిమెంటు గాని, ప్లాస్టిక్ రంగు గాని పూస్తే ఆ చెమ్మ లోపలే నిలిచి గోడను గుల్ల చేస్తుంది. పైకి మెరుపు, లోపల క్షయం!

వెల్లవేయడం సులభమే గాని జాగ్రత్త అవసరం. కాల్చిన సున్నపురాయి నీటిలో పడగానే సలసల కాగుతుంది. కనుక రాయిపై నీరు పోయరాదు. ఇనుపతొట్టిలో ముందుగా నీరు నింపి, సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు. కళ్ళద్దాలు, చేతితొడుగులు ధరించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. సున్నం కంటిలో పడితే వెంటనే ధారాళంగా నీటితో చాలాసేపు కడిగి, వైద్యుని ఆశ్రయించాలి.

రాత్రంతా నానిన సున్నాన్ని గుడ్డతో వడగట్టి, పాలవలె పలుచగా కలిపి, కాస్త తుమ్మజిగురు, నీలిమందు చేర్చాలి. గోడపై పాత పెచ్చులు గీకి, నీటితో తడిపి, ఒక పూత ఆరిన తరువాత మరొకటిగా రెండు మూడు పూతలు వేయాలి. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, క్రమంగా తిరిగి రాయిగా మారుతుంది.

నిత్యదీపం వెలిగే గృహమూ దేవాలయమే. దాని గోడను కాపాడుకోవడమూ కైంకర్యమే.