పెరటి కొలను - జీవ వడపోత

నీరు తేటగా ఉండటం వేరు, ఆ నీటిలో చేప బ్రతకగలగటం వేరు. ఈ భేదాన్ని గుర్తించని కారణంగానే పెరట్లో ముచ్చటపడి కొలను కట్టుకొన్న గృహస్థులు పలువురు తొలి నెలలోనే నిరుత్సాహం పాలవుతుంటారు. సిమెంటుతో తొట్టి కట్టించి, కుళాయి నీటితో నింపి, ఇరవై ముప్పై బంగారు చేపలను తెచ్చి విడుస్తారు. అడుగునున్న గులకరాయి సైతం స్పష్టంగా కనిపిస్తూ ఉంటుంది. అయినా రెండు మూడు వారాలు గడిచేసరికి చేపలు వేకువజామున నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తాయి. ఒకదాని వెనుక ఒకటి వెల్లకిల పడతాయి. తప్పు చేపలమ్మినవానిదని కొందరు, మేతదని కొందరు, దిష్టి తగిలిందని మరికొందరు తలపోస్తారు. అసలు కారణం నీటిలో కరిగి ఉంటుంది.

చేప మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియా వెలువడుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు. స్వల్ప పరిమాణంలో వాసన కూడా తెలియదు. కాని చేపకది విషం. పూర్వం బిందె లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చేవారు. ఆ ఉపాయం మట్టిని అడుగుకు దింపుతుందే కాని, కరిగిన విషాన్ని తొలగించలేదు. మరి పల్లెలోని చెరువుకు వడపోత సాధనం ఎవరమర్చారన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. చెరువులో నీరు విస్తారం, చేపలు పలుచన. అడుగున బురద, అంచుల్లో తుంగ ఉంటాయి. ఆ బురదను, ఆ తుంగకాడలను అంటిపెట్టుకొని ఉన్న సూక్ష్మజీవులే అక్కడ శుద్ధి చేస్తాయి. నున్నని సిమెంటు తొట్టిలో వాటికి నిలువ నీడ చాలదు. ఆ నీడను కల్పించడమే జీవ వడపోత.

ఈ సూక్ష్మజీవుల ఉనికి తెలిసిన తీరు ఆసక్తికరమైనది. 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పొడవైన గొట్టంలో ఇసుకను, సున్నపురాయి ముక్కలను నింపి, మురుగునీటిని మెల్లగా దానిగుండా పోనిచ్చారు. ఇరవై రోజుల వరకు ఏ మార్పూ లేదు. ఆపైన అమ్మోనియా తగ్గుతూ నైట్రేట్ రాసాగింది. క్లోరోఫాం ఆవిరి సోకగానే ఆ మార్పు నిలిచిపోయింది. కేవలం రసాయనిక చర్యే అయితే అలా నిలిచిపోదు; ప్రాణులు చేసే పని గనుకనే నిలిచింది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు జ్యూరిచ్ నగరంలో ఆ బాక్టీరియాను వేరుచేశాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయని తేల్చాడు. రెండు పనులనూ ఒక్కటే నిర్వహించగల బాక్టీరియా ఉన్నదని 2015లో బయటపడింది. దానిని కనుగొన్న బృందాలలో ఒకదానికి అది చేపల పెంపకపు వడపోత సాధనంలోనే లభించడం విశేషం. ఈ వరుసలో నడిమిదైన నైట్రైట్ కూడా ప్రమాదకారియే. అది చేప రక్తాన్ని గోధుమవన్నెకు మార్చి, ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. చివరిదైన నైట్రేట్ మాత్రం వాటితో పోలిస్తే చాలా సాధువు.

2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు గల కొలనులో 1800 లీటర్ల నీరు పడుతుంది. దీనికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, దానికి ముందు చిన్న డ్రమ్ము ఒకటి చాలు. నీరంతా రెండు గంటల కొకమారు తిరిగి రావాలంటే గంటకు 900 లీటర్లు తోడే మోటారు కావాలి. మోటారు పంపిన నీరు మొదట చిన్న డ్రమ్ములో పక్కవాటుగా పడి, మెల్లగా సుడి తిరుగుతుంది. చెత్త అడుగున చేరుతుంది. పైనున్న నీరు పెద్ద డ్రమ్ము అడుగుకు గొట్టం ద్వారా దిగుతుంది. అక్కడ జానెడు ఎత్తు ఖాళీ విడిచి, చిల్లుల పలకను నిలిపి, దానిపై కంకర పోయాలి. నీరు కంకర సందులగుండా పైకెక్కి, అంచు దగ్గరి వెడల్పాటి గొట్టం నుండి కొలనులోకి జారిపడుతుంది. అలా పడేటప్పుడు గాలి కలుస్తుంది. రెండు డ్రమ్ములకూ అడుగున మురుగు వదిలే కుళాయి ఉండితీరాలి. దానిని మరచినవారు తరువాత కంకరనంతా చేతులతో ఎత్తిపోసుకోవలసి వస్తుంది.

కంకర పరిమాణంలోనే అసలు రహస్యమున్నది. 10 సెంటీమీటర్ల ఘనాకారపు రాయికి ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. అదే రాయిని సెంటీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలై, ఉపరితలం 6000 చదరపు సెంటీమీటర్లవుతుంది. బాక్టీరియా నివసించేది ఆ ఉపరితలం పైననే. అట్లని సన్నని ఇసుక పోస్తే సందులు పూడుకొని నీరు కదలదు. ఉసిరికాయంత ముక్కలు మేలు. ఇంటి పెంకుల ముక్కలు, చిల్లులు పొడిచిన సీసా మూతలు, తరిగిన ప్లాస్టిక్ గొట్టాలు కూడా పనికివస్తాయి. కొబ్బరిపీచు తానే కుళ్లుతుంది కనుక తగదు. కంకర నింపిన డ్రమ్ము 300 కిలోల బరువు తూగుతుంది. కనుక పీఠం గట్టిగా ఉండాలి.

సాధనం అమర్చిన నాడే నీరు శుద్ధి కాదు. బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు నాలుగైదు చేపలకు మించి విడువరాదు; మేత చిటికెడుతో సరిపెట్టాలి. పాత కొలనులోని కంకర గుప్పెడు తెచ్చి కలిపితే, పాలకు తోడు వేసినట్లు, పని త్వరపడుతుంది. నైట్రైట్ పెరిగే రోజులలో లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పు వేస్తే చేపలకు కొంత రక్షణ దొరుకుతుంది. కొత్త సిమెంటు నుండి సున్నం కరిగి నీటికి క్షారగుణం వస్తుంది. క్షారపు నీటిలో అమ్మోనియా మరింత తీవ్రమవుతుంది. కావున చేపలను తెచ్చుటకు ముందే తొట్టిని పలుమార్లు నింపి, నాననిచ్చి, పారబోయాలి.

తరువాతి పొరపాటు అతిశుభ్రత. కంకరను కుళాయి నీటితో తళతళలాడేటట్లు కడిగితే, ఆ నీటిలోని క్లోరిన్ నెలల శ్రమను ఒక్క పూటలో తుడిచివేస్తుంది. కొలను నీటితోనే, అదీ కొంతభాగాన్నే, తేలికగా జాడించాలి. మోటారును రాత్రింబవళ్లు నడపాలి. కరెంటు ఖర్చుకు జంకి రాత్రివేళ ఆపేవారున్నారు. ఊపిరాడక బాక్టీరియా చచ్చేది అప్పుడే. చాలాసేపు కరెంటు పోయినపుడు డ్రమ్ములో నిలిచి దుర్వాసన పట్టిన నీటిని ముందుగా పారబోసి, ఆపైననే మోటారు వేయాలి. నీటిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయుట ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.

ఇక మిగిలేది నైట్రేట్. అది మొక్కలకు మంచి ఎరువు. కలువ, మెట్టతామర వంటివి కొంత పీల్చుకొంటాయి. మిగిలినదానికోసం వారానికొకసారి పదోవంతు నీటిని తీసి అరటిచెట్టు పాదుకు పోసి, ఒకటి రెండు రోజులు ఎండలో నిలవ ఉంచిన నీటితో కొలనును తిరిగి నింపితే సరిపోతుంది.