మీకు తెలుసా? తుపాను షెల్టర్‌కు తుపానొక్కటే శత్రువు కాదు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది చనిపోయారని అంచనా. ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు. అందుకే ఆ తర్వాత తీరంలో వెలిసిన తుపాను షెల్టర్లు ఎన్నో స్తంభాల మీద లేచాయి. కింద అడ్డుగోడలు లేకపోతే ఉప్పెన నీరు భవనాన్ని నెట్టకుండా స్తంభాల నడుమ నుంచి సాగిపోతుంది. అయితే ఈ భవనాన్ని ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా తినేసేది ఉప్పుగాలి. అందులోని లవణం కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. తాళం వేసి ఉంచిన షెల్టర్‌లో ఆ పగులు ఎవరి కంటా పడదు. కాబట్టి దాన్ని బడిగానో మరోలాగో రోజూ వాడటమే దానికి మొదటి రక్షణ అని నా వాదన.

బడి నడిపితే భవనం త్వరగా అరిగిపోదా అనే అభ్యంతరం ఉంది. అరుగుతుంది, నిజమే. కానీ విరిగిన తలుపు, ఎండిన కుళాయి వెంటనే తెలుస్తాయి, మరమ్మతుకు నిధులుంటే బాగవుతాయి. తుపాను వేళ పశువులను వదిలి షెల్టర్‌కు రాలేమనే వారి మాట ఇంకా బరువైనది. గొడ్డే జీవనాధారమైన ఇంటికి అది మొండితనం కాదు. బంగ్లాదేశ్‌లో పశువుల కోసం కిల్లాలనే ఎత్తయిన మట్టిదిబ్బలు వేశారు. మన తీరంలోనూ ప్రతి షెల్టర్ పక్కన అలాంటి దిబ్బ ఉండాలి.