మందు చల్లే ముందు ఆకు తిప్పి చూడండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనుక ఉన్న పెరడు చిన్నదే. అయినా శీతాకాలం వచ్చేసరికి చిక్కుడు పందిరి, వంగ మడి, గోంగూర దుబ్బులు దానిని నింపివేసేవి. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం ఈ ఊరికి తెలుగు కుటుంబాల రాకపోకలను సులభం చేసింది. ఉద్యోగాలకై వచ్చినవారు తమ వెంట భాషతో పాటు గోంగూర గింజలను కూడా తెచ్చుకున్నారు.

ఒక జనవరిలో మా చిక్కుడు తీగ చివళ్ళను నల్లని పేనుబంక కప్పివేసింది. దుకాణదారు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన పొడిని తెచ్చి, తీగ నిండా చల్లాను. మరునాటి సాయంత్రం నాలుగేళ్ళ మా అమ్మాయి పందిరి క్రింద నిలబడి ఉంది. దాని చేతిలో సగం కొరికిన పచ్చి చిక్కుడుకాయ!

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ మందు పేరేమిటి?” నావద్ద జవాబు లేదు. ఆ రాత్రంతా పిల్లను పరిశీలనలో ఉంచారు. అదృష్టవశాత్తు ఏ ప్రమాదమూ జరగలేదు. తెల్లవారి ఇంటికి తీసుకువచ్చాము.

కొద్ది వారాలలోనే పేనుబంక తిరిగి వచ్చింది. రానిది అక్షింతల పురుగు.

చచ్చినదెవరు?

పేనుబంకలో ఆడది మగదానితో పని లేకుండానే పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు సుమారు వారం రోజులలో తామూ పిల్లలను పెడతాయి. దానిని తిని బ్రతికే అక్షింతల పురుగు గుడ్డు నుండి రెక్కల పురుగుగా మారడానికి కొన్ని వారాలు పడుతుంది. విషం ఇద్దరినీ చంపుతుంది. త్వరగా కోలుకునేది మాత్రం శత్రువే.

ఈ పాఠాన్ని ప్రపంచం ఎన్నడో నేర్చుకున్నది. 1880లలో కాలిఫోర్నియా నారింజ తోటలను ఒక పొలుసు పురుగు ధ్వంసం చేస్తుండగా, 1888లో ఆస్ట్రేలియా నుండి దాని సహజ శత్రువైన వెడాలియా అనే అక్షింతల పురుగును తెప్పించారు. ఒకటి రెండు ఏళ్ళలోనే తోటలు తేరుకున్నాయి. 1940లలో అక్కడే డి.డి.టి. వాడకం మొదలుకాగా వెడాలియా నశించి, అణగిన పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది.

పోలికను చూసి మోసపోకండి

అక్షింతల పురుగులన్నీ మిత్రులు కావు. వంగ ఆకును జల్లెడలా గీకి తినే 28 చుక్కల పురుగు కూడా ఆ కుటుంబంలోనిదే. దాని వీపు మీద సన్నని నూగు ఉంటుంది గనుక మెరుపుండదు. పేనుబంకను తినే పురుగు వీపు నున్నగా మెరుస్తుంది. మొదటి దానిని ఏరి సబ్బు నీటిలో వేయండి. రెండవ దానిని కదపకండి. మొసలి ఆకారంలో, ముదురు రంగులో ఆకులపై ప్రాకే చిన్న పురుగు రెండవ దాని పిల్లయే.

చేతనే చేయదగిన చికిత్స

పేనుబంకను ఉదయం పూట నీటి ధారతో కొట్టివేయండి. దాని తీపి స్రావం కోసం చీమలు కావలి కాస్తాయి. వాటి దారిని మళ్ళిస్తే మిత్రపురుగుల పని సులభమవుతుంది.

వంగ కొమ్మ చివర వాలిపోయిందంటే లోపల తొలుచు పురుగు ఉన్నదని అర్థం. వాలినచోటికి కొంచెం క్రిందుగా కత్తిరించి నాశనం చేయండి. పుచ్చు కాయలను ఎరువు గుంటలో వేయరాదు.

బెండ ఆకుల ఈనెలు పసుపెక్కితే అది వైరస్ తెగులు. దానికి మందు లేదు. మొక్కను పెరికివేయాలి. తెగులును మోసుకువచ్చే తెల్లదోమ కోసం పసుపు రంగు రేకుకు ఆముదం పూసి మొక్కల నడుమ నిలపండి.

మందారానికీ, గోంగూరకూ పట్టే పిండినల్లిని సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తుడిచివేయవచ్చు.

ఇవేవీ చాలనప్పుడు వేప ఉన్నది. ఎండిన వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూట కట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టండి. పిండి వడకట్టి, కాస్త సబ్బు కలిపి చల్లండి. ఎండకు వేప సత్తువ తగ్గుతుంది కనుక సాయంకాలమే అనువైన వేళ. ఇది పురుగును తక్షణం చంపదు; దాని తిండినీ, ఎదుగుదలనూ అడ్డుకుంటుంది. కనుక ఓర్పు అవసరం.

తప్పనిసరిగా కొనవలసివస్తే

పొట్లం కట్టిన మందును కొనకండి. మన దేశంలో పురుగుమందు డబ్బాపై రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ పంటకు, ఎంత మోతాదు, చల్లిన ఎన్ని రోజులకు కోయవచ్చు అన్న వివరాలను చదివి పాటించండి. డబ్బాను పిల్లలకు అందకుండా దాచండి.

మా అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది. నేటికీ పెరటిలోకి వెళితే ముందు ఆకు తిప్పి చూస్తుంది. నాకు మాత్రం ప్రతి పురుగునూ చూసినప్పుడు డాక్టరు ప్రశ్నే గుర్తుకు వస్తుంది. పేరు తెలియని పురుగుపై పేరు తెలియని విషం చల్లడం కన్నా, చిక్కుడు పంటను పోగొట్టుకోవడమే మేలు.