ఎండోమెట్రియోసిస్ నొప్పి: హార్మోనేతర ఔషధ పరీక్షలో కొలమాన సమస్య

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. దీనికి వాడే మందుల్లో అధికభాగం అండాశయ హార్మోన్ల ప్రభావాన్ని అణచేవే. ఎముకలు ఇంకా గట్టిపడుతున్న వయస్సులో ఈస్ట్రోజన్‌ను బాగా తగ్గిస్తే ఎముకల సాంద్రత దెబ్బతినవచ్చు. యువతుల విషయంలో ప్రత్యామ్నాయాన్వేషణకు ఇదొక ముఖ్య కారణం.

అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇందుకు కాబెర్గోలిన్‌ను పరీక్షకు తీసుకొన్నారు. ఇది ప్రొలాక్టిన్ ఆధిక్యానికి చిరకాలంగా వాడుకలో ఉన్న మందు. కొత్త రక్తనాళాల పెరుగుదలను అడ్డుకోగలదన్నది పరికల్పన. ప్రొలాక్టిన్ కూడా హార్మోనే కనుక ‘హార్మోనేతర’ అన్న మాటను కొంత సడలింపుతోనే గ్రహించాలి.

నొప్పిని కొలిచే పరీక్షలో ఉత్తుత్తి మాత్రతో పోలిక తప్పనిసరి. స్పష్టమైన కారణం కనిపించని దీర్ఘకాలిక కటి నొప్పికి గాబాపెంటిన్‌ను బ్రిటన్‌లో 306 మంది స్త్రీలపై పరీక్షించారు. అది ఉత్తుత్తి మాత్రకంటె మెరుగు కాదని, దుష్ప్రభావాలు మాత్రం అధికమని 2020లో తేలింది. అంతకుముందు వైద్యులు దానిని విరివిగానే రాసేవారు.

ఆ పరీక్షలో ప్రధాన కొలమానం సున్న నుండి పది వరకు రోగి చెప్పే అంకె. అటువంటి పరీక్ష మండపేట వంటి పట్టణంలో జరిగితే అంకెతో పాటు మాట కూడా కావాలి. పోటు, సలుపు, తీపు, మంట తెలుగులో వేర్వేరు బాధలు. ప్రశ్నావళిలో అన్నిటినీ ‘నొప్పి’గా అనువదిస్తే ఆ భేదం పోతుంది. పద్దెనిమిదేళ్లలోపు బాలికకు తలిదండ్రుల అనుమతితో పాటు ఆమె సమ్మతీ అవసరం. అయితే సంభోగ సమయపు నొప్పిని గురించిన ప్రశ్నను తల్లి సమక్షంలోనే అడిగితే, పత్రంలో ‘లేదు’ అని నమోదయ్యే అవకాశమే ఎక్కువ.