చేత్తో గీసుకునే చంద్రకళల క్యాలెండర్

చంద్రకళల క్యాలెండర్ అంటే ఏడాదిలో ఏ తేదీన చంద్రుడు ఏ ఆకారంలో ఉంటాడో బొమ్మల్లో చూపే పటం. దీన్ని ఇంట్లో గీసుకోవడానికి ఒక పెద్ద తెల్ల చార్టు, పెన్సిలు, స్కేలు, నల్ల స్కెచ్ పెన్ను చాలు. వీటితోపాటు తిథులు, అవి ముగిసే వేళలు అచ్చువేసిన తెలుగు గోడ క్యాలెండర్ ఒకటి దగ్గర ఉండాలి. పంచాంగమైనా సరే. కానీ అది ఉగాదితో మొదలవుతుంది కనుక జనవరి నుంచి గీసేవారికి రెండేళ్ల పంచాంగాలు కావలసివస్తాయి.

ఖగోళ లెక్కల అవసరం లేదు, ఎందుకంటే తిథే చంద్రకళకు కొలత. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. 30 తిథులు కలిస్తే ఒక చాంద్రమాసం, సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. చంద్రుడి కక్ష్య దీర్ఘవృత్తం కావడంతో నడక ఒకే వేగంతో సాగదు. ఒక తిథి సుమారు 19 గంటల్లోనే ముగుస్తుంది, మరొకటి 26 గంటల దాకా సాగుతుంది. అందుకే రోజుకొక తిథి చొప్పున వరుసగా గీసుకుంటూ పోతే పటం తప్పుతుంది. ప్రతి తేదీకీ క్యాలెండర్ చూడాల్సిందే.

అక్కడా ఒక చిక్కుంది. క్యాలెండర్లో తేదీ పక్కన ఉండేది సూర్యోదయ వేళ నడుస్తున్న తిథి. శుక్లపక్షంలో చంద్రుణ్ణి చూసేది సాయంత్రం. పంచమి మధ్యాహ్నం రెండింటికి ముగిస్తే ఆ సాయంత్రం ఆకాశంలో ఉన్నది షష్ఠి చంద్రుడు, గీయాల్సిందీ అతన్నే. కృష్ణపక్షంలో చంద్రుడు రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తూ తెల్లవారుజాముకు జరుగుతాడు కనుక సూర్యోదయ తిథి సరిపోతుంది.

చార్టు పొడవు 28 అంగుళాలు, అంటే దాదాపు 71 సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్ల గళ్లు అడ్డంగా 31, నిలువుగా 12 గీసినా నెలల పేర్లకు చోటు మిగులుతుంది. అట్టముక్కలో 16 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రటి రంధ్రం కోసి అచ్చుగా వాడుకుంటే వృత్తాలన్నీ ఒకే కొలతలో వస్తాయి.

ఎక్కువమంది పొరబడేది నెలవంక దగ్గరే. ఒక వృత్తం మీద ఇంకో వృత్తం పెట్టి కొరికినట్టు గీస్తే అది గ్రహణం బొమ్మ అవుతుంది. కళలకు కారణం భూమి నీడ కాదు, చంద్రుడి వెలుగు సగాన్ని మనం పక్కనుంచి చూడటం. కనుక నెలవంక కొమ్ములు ఎప్పుడూ వృత్తపు వ్యాసానికి రెండు కొసల్లోనే ఉండాలి. వృత్తంలో పైన ఒకటి, కింద ఒకటి చుక్కలు పెట్టి, అడ్డగీత మీద వెలుగు ఎంతవరకో మూడో చుక్క పెట్టి, మూడింటినీ నున్నటి వంపుతో కలిపితే సరైన ఆకారం వస్తుంది. వెలుగు వెడల్పు తదియ ముగిసేసరికి వ్యాసంలో పదో వంతు, చవితికి ఆరో వంతు, పంచమికి పావు. 16 మిల్లీమీటర్ల వృత్తంలో పావంటే 4 మిల్లీమీటర్లు. అష్టమి నడిమికి సరిగ్గా సగం, అక్కడ వంపు నిట్టనిలువు గీత అవుతుంది. దశమి ముగిసేసరికి ముప్పావు. చతుర్దశికీ పున్నమికీ బొమ్మలో తేడా చూపడం వృథా ప్రయాస. శుక్లపక్షంలో వెలుగు కుడివైపు, కృష్ణపక్షంలో ఎడమవైపు వదిలి, మిగతా భాగానికి నలుపు నింపాలి.

ఇది దక్షిణానికి తిరిగి చూసేవారి లెక్క. మన ప్రాంతంలో పడమట దిగే నెలవంక నిలువుగా కాక వెల్లకిలా పడుకున్న పడవలా కనిపిస్తుంది. పటంలో అలా వంచి గీయాల్సిన పనిలేదు.

గీత సరిగా వచ్చిందో లేదో పండుగలే చెబుతాయి. వినాయక చవితికి సన్నటి వంక, శ్రీరామనవమికి సగానికి కాస్త పైన, విజయదశమికి ముప్పావుకు అటూఇటూ, హోలీకి నిండు చంద్రుడు, దీపావళికి నల్ల వృత్తం రావాలి. కృష్ణాష్టమి నాటి అర చంద్రుడు ఉదయించేది అర్ధరాత్రి ప్రాంతంలో.

పటం పూర్తయ్యాక పున్నములు చాలా నెలల్లో ఒకటి రెండు గళ్లు ఎడమకు జరుగుతూ ఏటవాలు పట్టీగా కనిపిస్తాయి. 28 రోజుల ఫిబ్రవరి తర్వాత మాత్రం పట్టీ కుడికి తిరుగుతుంది. ఒక్కోసారి ఫిబ్రవరిలో పున్నమే ఉండదు. 2018లో అలాగే జరిగింది, జనవరి, మార్చి నెలలకు రెండేసి పున్నములు వచ్చాయి.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అందుకే ఒక ఏటి పటం మరుసటి ఏటికి దాదాపు 11 రోజులు తప్పుతుంది. అయితే 19 ఏళ్లకు 235 చాంద్రమాసాలు దాదాపు కచ్చితంగా సరిపోతాయి. 2026కు గీసిన పటాన్ని భద్రంగా చుట్టి దాచుకుంటే, 2045లో ఒక రోజు అటూఇటూగా మళ్లీ గోడకు తగిలించుకోవచ్చు.