కషాయం కన్నా కాపడం మేలు

జంతికల గొట్టం తిప్పలేకపోవడం, కుక్కర్ మూత పట్టు జారడం, జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి కూతుర్ని పిలవాల్సి రావడం. వేళ్ల కణుపుల నొప్పి మొదట ఇలాంటి చిన్నచిన్న పనుల్లోనే బయటపడుతుంది. మోకాలు నొప్పెడితే కుంటుతాం కాబట్టి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వేళ్ల నొప్పి పక్కవాళ్లకు కూడా కనిపించదు. అందుకే డాక్టరు దాకా వెళ్లేలోపు పసుపు పాలు, శొంఠి కషాయం, నువ్వుల నూనె, వావిలాకు, రాగి కడియం అన్నీ ఒక వరస అయిపోతాయి. వీటిలో పనికొచ్చేవి ఉన్నాయి, ఉత్త నమ్మకాలూ ఉన్నాయి, ఒకటి రెండు ప్రమాదకరమైనవీ ఉన్నాయి. ఏది ఏమిటో తేల్చుకోవాలంటే ముందు మందు సంగతి పక్కనపెట్టి చేతిని చూసుకోవాలి.

ఏ కణుపు?

గోరుకు దగ్గరున్న చివరి కణుపు, మధ్య కణుపు, బొటనవేలి మొదలు. ఈ మూడు చోట్ల ఎముకలా గట్టిగా బొడిపెలు లేస్తుంటే అది చాలావరకు అరుగుదల. డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు, జనం ‘గుజ్జు అయిపోయింది’ అంటారు. చివరి కణుపు మీద వచ్చే బొడిపెలకు హెబెర్డెన్ నోడ్స్ అని పేరు. విలియం హెబెర్డెన్ 18వ శతాబ్దపు లండన్ వైద్యుడు. ఈ బొడిపెలకూ గౌట్‌కూ సంబంధం లేదని ఆయన రాసిన మాట, ఆయన పోయాక 1802లో అచ్చయిన పుస్తకంలో ఉంది. ఈ రకం ఆడవాళ్లలో ఎక్కువ, నెలసరి ఆగిన తర్వాత మరీ ఎక్కువ. అమ్మ వేళ్లకు ఉంటే కూతురి వేళ్లకూ వచ్చే అవకాశం హెచ్చు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకున్నా అరగంటలోపు సాగుతాయి.

రెండో రకం వేరే జాతి. పిడికిలి బిగిస్తే పైకి పొడుచుకొచ్చే మెటికలు, మధ్య కణుపులు, మణికట్టు, ఇవన్నీ రెండు చేతులకూ వాస్తాయి. వాపు మెత్తగా, తాకితే వెచ్చగా ఉంటుంది. లేచి గంట దాటినా పిడికిలి పడదు. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఇవి కాక సోరియాసిస్ ఉన్నవాళ్లకు వచ్చే రకం ఉంది. అందులో గోళ్ల మీద సన్నటి గుంటలు పడతాయి, ఒక్కోసారి వేలు మొత్తం మొదలు నుంచి కొస దాకా ఉబ్బుతుంది. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి మిగిలే నొప్పులు మరో రకం. 2006లో దేశంలో దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదైన ఆ జ్వరం, మన ఆంధ్ర ప్రాంతంలో అంతకు కాస్త ముందే తలెత్తింది. ఆ ఏడాది గ్లాసు పట్టుకోలేకపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఈ తేడా పాశ్చాత్య వైద్యం కనిపెట్టిందే అనుకోనక్కర్లేదు. అరుగుదలకు దగ్గరగా ఉండే సంధివాతాన్ని, వాపూ జ్వరమూ ఉండే ఆమవాతాన్ని ఆయుర్వేదం విడదీసింది. ఆమవాతం వివరాలు మాధవ నిదానంలో ఉన్నాయి. సంధివాతానికి నూనె మర్దన మంచిదన్న వైద్యులే, ఆమవాతంలో నూనె వద్దని, ఇసుక మూటతో పొడి కాపడం పెట్టమని చెబుతారు. ‘కీళ్ల నొప్పా, నూనె రాయి’ అని ఊరంతటికీ ఒకే సలహా పంచిపెట్టడం అసలు మన సంప్రదాయంలోనే లేదు.

వేడినీళ్ల మహిమ

బాలింతకు స్నానం చేయించడానికి వావిలాకు మరిగించిన నీళ్లు వాడటం మన ఇళ్లలో పాత అలవాటు. ఒళ్లు నొప్పులకూ కీళ్లకూ అదే. వావిలాకు సారానికి వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. కానీ పది నిమిషాలు చెయ్యి ముంచినంత మాత్రాన ఆ సారం చర్మం దాటి కీలు దాకా ఎంత చేరుతుందన్నది అనుమానమే. నన్నడిగితే పని చేసేది ముప్పాతిక వంతు వేడినీళ్లు, ఆ వాసన మాత్రం వావిలాకుది. అయినా వదులుకోవాల్సిన పనిలేదు. వేడి తగిలితే కండరం సడలుతుంది, బిగుసుకున్న కణుపు కదులుతుంది, నొప్పి కాసేపైనా వెనక్కి తగ్గుతుంది. వావిలాకు దొరక్కపోతే ఉత్త గోరువెచ్చటి నీళ్లయినా చాలు. పెనం మీద వేయించిన రాళ్ల ఉప్పు గుడ్డలో మూటగట్టి పెట్టే కాపడమూ అంతే. షుగర్ వల్ల చేతులు మొద్దుబారినవాళ్లు మాత్రం మూట వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి, లేకపోతే కాలినా తెలియదు. కణుపు ఎర్రగా, వేడిగా ఉబ్బి ఉన్న రోజున చాలామందికి వేడి కన్నా చల్లటి గుడ్డే హాయినిస్తుంది.

ఇదే కాపడానికి ఆసుపత్రి రూపం మైనపు స్నానం. హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ గదిలో చూశాను. 52 నుంచి 54 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న పారఫిన్ మైనం తొట్టెలో ఒక పెద్దావిడ చెయ్యి ముంచి తీసింది. పొర తెల్లగా గడ్డకట్టగానే మళ్లీ ముంచాలి. ఆవిడ అలవాటుగా వేళ్లు ఆడించబోయింది. ‘కదపకండమ్మా. పొర పగిలితే వేడి మైనం లోపలికి దిగుతుంది, చుర్రుమంటుంది’ అన్నాడు ఫిజియోథెరపీ చేయించే కుర్రాడు. ‘అది చెప్పవేం నాయనా ముందే’ అని ఆవిడ విసుక్కుంది. ఎనిమిదో పదో పొరలయ్యాక ప్లాస్టిక్ సంచీ తొడిగి, తువ్వాలు చుట్టి, పావుగంట కూర్చోబెట్టాడు. తర్వాత మైనం గ్లౌజు ఊడదీసినట్టు వచ్చేసింది. అసలు పని అప్పుడు మొదలైంది. వేళ్లు వెచ్చగా ఉన్నంతసేపూ వ్యాయామం చేయించాడు.

అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చేతి అరుగుదలకు ఈ మైనపు స్నానాన్ని ఓ మోస్తరుగా సమర్థించాయి. వ్యాయామాన్ని మాత్రం గట్టిగా సిఫారసు చేశాయి. రుమటాయిడ్‌ విషయంలోనూ అంతే. బ్రిటన్‌లో 490 మందితో చేసి 2015లో ప్రకటించిన ‘సారా’ అనే అధ్యయనంలో, మందులతో పాటు చేతి వ్యాయామం నేర్చుకుని చేసినవాళ్ల చేతులు ఏడాది తర్వాత కూడా మిగతావాళ్ల కన్నా మెరుగ్గా పనిచేశాయి. ఖర్చు లేని ఈ వైద్యానికి వాట్సాప్‌లో ప్రచారం లేదు, సీసాలో పోసి అమ్మడానికి వీల్లేదు కాబట్టి.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి ఉంచి, వేళ్లు నిటారుగా చాపాలి. తర్వాత మెటికలు వంచకుండా పై రెండు కణుపులు మాత్రం కొక్కెంలా వంచాలి. మళ్లీ చాపి, ఈసారి మెటికల దగ్గర మాత్రమే వంచి అరచేతిని బల్లలా చేయాలి. ఆ తర్వాత నిండు పిడికిలి, గట్టిగా నొక్కకుండా. చివరగా బొటనవేలి కొనను ఒక్కో వేలి కొనకూ తాకించి గుండ్రటి సున్నా చేయాలి. ఒక్కోటి నిదానంగా పదిసార్లు, పొద్దునా సాయంత్రం. చేశాక కాసేపు లాగినట్టుంటే సరే, నొప్పి గంటలకొద్దీ నిలిచిపోతే మర్నాడు తగ్గించాలి.

ఇక చేతి పనులు. బొటనవేలు, చూపుడువేలు కొనలతో ఒక కిలో బలంతో పట్టుకుంటే బొటనవేలి మొదట్లోని కీలు మీద దాదాపు 12 కిలోల భారం పడుతుందని 1970లలోనే లెక్కగట్టారు. తాళంచెవి తిప్పడం, తడిబట్ట పిండడం, చిటికెతో ముగ్గు లాగడం అన్నీ ఆ కీలు మీదే. కాబట్టి గరిటె కాడకు గుడ్డ చుట్టి లావు చేసుకోవడం, బట్ట పిండే బదులు కుళాయికి మెలేసి లాగడం, సంచీని వేళ్లకు వేలాడదీయకుండా మోచేతికి తగిలించుకోవడం కూడా వైద్యమే. బొటనవేలి మొదలు అరిగినవాళ్లకు ఆ వేలికి పట్టీ కట్టుకోవడం మంచి ఊరట.

ఈ సలహా అందరికీ ఒకేలా అందదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరప తొడిమలు తుంచే ఆడవాళ్లకూ, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టేవాళ్లకూ, నరసాపురం లేసు అల్లేవాళ్లకూ చేతికి విశ్రాంతి అంటే కూలి కోత. ‘పని తగ్గించమ్మా’ అని చీటీ రాసిచ్చే డాక్టరుకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. పని మానకుండానే మధ్యమధ్యలో రెండు నిమిషాలు వేళ్లు చాపి ముడవడం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్నది.

నోట్లోకి వెళ్లేవి

పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే. అది కూడా పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఆ చేరిక బాగా పెరుగుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 1998లో చూపించారు. పాలలో పసుపుతో పాటు మిరియం వేసిన మన పెద్దవాళ్లకు ఈ లెక్క తెలియదు గానీ చెయ్యి సరైన డబ్బా మీదే పడింది. అయితే నొప్పి తగ్గిందని చెప్పే పరీక్షలు ఎక్కువగా మోకాళ్ల మీద, అదీ గాఢమైన సారంతో జరిగాయి. చెంచాడు పసుపుకు ఆ బలం లేదు, ఆ ప్రమాదమూ లేదు. మాత్రల రూపంలో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి మింగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు అమెరికాలోనూ ఇటలీలోనూ బయటపడ్డాయి. కూరలో పసుపు వేరు, సీసాలో పసుపు వేరు.

చేప నూనెలోని ఒమేగా 3 కొవ్వులు రుమటాయిడ్ నొప్పిని కొంత తగ్గిస్తాయి. పరీక్షల్లో వాడిన మోతాదు కూరలో వచ్చేదాని కన్నా ఎక్కువ. అయినా కవళ్లు, కానగంతలు దొరికే కోస్తావాళ్లు వాటిని చవక చేపలని చిన్నచూపు చూడకుండా వండుకోవడం తెలివైన పని. ‘వాతం చేస్తుంది’ అని వంకాయ, బంగాళాదుంప మానేసినవాళ్లు కోకొల్లలు. వాటివల్ల కీళ్లు వాస్తాయనడానికి గట్టి రుజువు లేదు. మీ ఒంటికి పడకపోతే మానండి, ఇంటిల్లిపాదినీ మాన్పించకండి.

పైపూతల్లో మిరపది విచిత్రమైన కథ. మిరప ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నొప్పి కబురు మోసే నరాల కొసలను మొద్దుబారుస్తుంది. ఆ ఘాటును పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. క్యాప్సైసిన్ క్రీము మోకాలికి పనికొస్తుందన్న అమెరికా వైద్యులే చేతి వేళ్లకు వద్దన్నారు. కారణం, ఆ చేత్తో కళ్లు నులుముకుంటాం. చేత్తో అన్నం కలుపుకునే మనకు ఆ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది. జిల్లేడు ఆకు వెచ్చబెట్టి కట్టేవాళ్లూ అదే గుర్తుంచుకోవాలి. దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు.

రాగి కడియం సంగతి బ్రిటన్‌లో 70 మంది రుమటాయిడ్ రోగుల మీద పరీక్షించి 2013లో ప్రకటించారు. ప్రత్యేకమైన ఫలమేమీ కనపడలేదు. ఇక మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయన్న భయం. డోనల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు అరవై ఏళ్లపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులకూ తేడా లేదని తేల్చి 2009లో నవ్వుల నోబెల్ అందుకున్నాడు. ఒక్క మనిషి అనుభవం శాస్త్రం కాదు గానీ, దిష్టి తీసి మెటికలు విరిచే అమ్మమ్మలు నిశ్చింతగా ఉండొచ్చు.

భయపడాల్సింది వేరేదానికి. పేరూ చిరునామా లేని పొట్లాల్లో వచ్చే ‘కీళ్లవాతం పొడి’. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అది మూలిక మహిమ అనుకోకండి. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఎన్నోసార్లు దొరికాయి. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. చాలాకాలం వాడి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మానేముందు డాక్టరుకు చూపించాలి.

రుమటాయిడ్‌లో మొదటి కొన్ని నెలలు చాలా విలువైనవి. మెతోట్రెక్సేట్ లాంటి మందులు అప్పుడే మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా ఆపవచ్చు. ఒకసారి కీలు కరిగిపోయాక ఏ కషాయమూ దాన్ని తిరిగి తేలేదు. మెత్తటి వాపు ఆరు వారాలుగా తగ్గకపోయినా, పొద్దుటి బిగువు గంట దాటుతున్నా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అని ల్యాబ్ చీటీ చూసుకుని ఊరుకోకండి, జబ్బు ఉన్నా కొందరిలో అది నెగెటివ్‌గానే వస్తుంది. ఓపీలో మీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, అప్పటికి వాపు సగం దిగిపోతుంది. కాబట్టి పొద్దున లేవగానే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోనులో ఫొటో తీసుకోండి. వాడుతున్న పొడి పొట్లం, నూనె సీసా కూడా సంచీలో వేసుకెళ్లండి. డాక్టరు కోప్పడితే పడనివ్వండి.