చిత్రముపై మౌస్ క్లిక్కు: స్థాననిర్ణయము, అర్థనిర్ణయము

తాళపత్ర గ్రంథములను ఛాయాచిత్రములుగా గ్రహించి కంప్యూటరుపై పరిశీలించు పద్ధతి నేడు పరిశోధకులకు సుపరిచితము. అట్టి చిత్రమున ఒక అక్షరముపై మౌసును నిలిపి నొక్కినపుడు కంప్యూటరు గ్రహించునది అక్షరమునా, కేవలమొక బిందువునా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియనిదే క్లిక్కుల మూలమున సేకరించిన సమాచారమును ప్రమాణముగ గైకొనరాదు. చిత్రములను కంప్యూటరుచే పరిశీలింపజేయు శాస్త్రమునకు కంప్యూటర్ విజన్ అని పేరు. అందు మౌస్ క్లిక్కు గ్రహింపబడు విధమును ఈ వ్యాసమున వివరింతుము.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ భావన ననుసరించి, బిల్ ఇంగ్లిష్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు మౌసు తొలి నమూనాను 1964లో నిర్మించెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున అది బహిరంగముగ ప్రదర్శింపబడెను. చిత్రపరిశీలనకు విస్తారముగ వాడబడుచున్న ఓపెన్‌సీవీ అను ప్రోగ్రాముల భాండారము 1999లో ఇంటెల్ సంస్థయందు ఆరంభమైనది. దానిని ఎవ్వరైనను ఉచితముగ వాడుకొనవచ్చును. మేమిచ్చట చెప్పు నియమములు ఆ భాండారమునకు సంబంధించినవి. ఉదాహరణములు పైథాన్ భాషననుసరించినవి.

సాధారణముగ ప్రోగ్రాము ఒక ఆజ్ఞ తరువాత మరియొక ఆజ్ఞను నెరవేర్చుచు సాగును. కాని మౌసును ఎవరు ఎప్పుడు నొక్కుదురో ముందుగ తెలియదు. కావున నొక్కినపుడు చేయవలసిన పనిని ఒక ఫంక్షనుగ వ్రాసి విండోకు అప్పగించి యుంచవలెను. అట్లు అప్పగించు ఆజ్ఞ సెట్‌మౌస్‌కాల్‌బ్యాక్. అంతకుముందే నేమ్‌డ్‌విండో అను ఆజ్ఞతో విండోను సృష్టింపవలెను; రెండు చోట్లను విండో పేరు ఒక్కటియే కావలెను. పిమ్మట ఇమ్‌షో అను ఆజ్ఞతో చిత్రమును చూపి, వెయిట్‌కీ అను ఆజ్ఞతో వేచియుండవలెను. ఈ కడపటి ఆజ్ఞ పేరునుబట్టి కీబోర్డునకు మాత్రమే సంబంధించినదిగ తోచును. కాని విండోకు చేరిన సంఘటనలు పరిష్కరింపబడునది ఆ వేచియుండు కాలమునందే. దానిని విడిచినచో క్లిక్కు ఫంక్షనునకు అందదు.

మౌసు కదలినను, నొక్కబడినను ఫంక్షనునకు ఐదంశములు అందును. మొదటిది సంఘటనను తెలుపు సంఖ్య: కదలికకు 0, ఎడమ మీటను అదుముటకు 1, కుడి మీటను అదుముటకు 2, ఎడమ మీటను విడుచుటకు 4. రెండవది, మూడవది స్థానమును తెలుపు ఎక్స్, వై అను సంఖ్యలు. నాలుగవది ఆ క్షణమున అదిమియున్న మీటలను తెలుపును. ఎడమ మీటకు 1, కంట్రోలునకు 8, షిఫ్టునకు 16. రెండు మీటలు కలిసినపుడు సంఖ్యలును కలియును. కంట్రోలుతోపాటు ఎడమ మీట అదిమినచో 9 వచ్చును గాని 8 రాదు. ఐదవది ప్రోగ్రాము వ్రాయువారు తామై పంపుకొను సమాచారము. అదుముట, విడుచుట వేర్వేరు సంఘటనలగుటచేతనే, అదిమినచోటు ఒక మూలగను విడిచినచోటు ఎదుటిమూలగను గ్రహించి ఒక పదము చుట్టును దీర్ఘచతురస్రము గీయుట సాధ్యమగుచున్నది.

స్థానసంఖ్యల విషయమున రెండు ప్రమాదములు గలవు. చిత్రమున గణనము ఎగువ ఎడమ మూలనుండి ఆరంభమగును. వై దిగువకు పోయినకొలది పెరుగును. క్లిక్కు మొదట ఎక్స్‌ను, తరువాత వైని ఇచ్చును. చిత్రమునుండి పిక్సెలును చదువునపుడు ఈ క్రమము తారుమారై, వరుసను తెలుపు వై ముందు రావలెను. ఒక తాటియాకు చిత్రము వెడల్పు 4000, ఎత్తు 500 పిక్సెలులు అనుకొందము. ఎక్స్ 1000, వై 300 గల చోటును తలక్రిందుగ చదివినచో 1000వ వరుస లేదు గనుక ప్రోగ్రాము ఆగిపోవును, దోషము బయటపడును. ఎక్స్ 300, వై 200 అయినచో రెండు విధములను పిక్సెలు దొరకును. ప్రోగ్రాము ఆగదు, ఫలితము మాత్రము తప్పు. పరిశోధకుని వంచించునది ఇట్టి నిశ్శబ్దదోషమే.

రెండవ ప్రమాదము కొలతకు సంబంధించినది. 4000 వెడల్పుగల చిత్రము తెరపై పట్టదు గనుక దానిని 1000కి కుదించి చూపుదుము. అపుడు క్లిక్కు ఇచ్చు సంఖ్యలు కుదించిన చిత్రమునకు చెందినవి. ఎక్స్ 250, వై 60 వచ్చినచో, ఒక్కొక్కదానిని 4 చేత గుణింపగా మూలచిత్రమున 1000, 240 అగును. గుణింపక భద్రపరచినచో ఆ గుర్తు మరియొక అక్షరముపై పడును.

ఇక గుర్తులు గీయుటయందును జాగరూకత వలయును. చుక్కగాని గీతగాని గీసినచోట పిక్సెలుల వర్ణములు మారిపోవును. కావున మూలచిత్రమును ముట్టక, దాని నకలుపైననే గీయవలెను.

దీనినిబట్టి తేలునదేమనగా, క్లిక్కు స్థానమును మాత్రమే చెప్పును. అచ్చటనున్నది ‘వ’యా ‘ప’యా అను నిర్ణయము పరిశోధకునిదే. ఏ ప్రతియందలిదో చెప్పని పాఠాంతరము పరిష్కర్తకు ఎట్లు నిరుపయోగమో, ఏ చిత్రమునకు, ఏ కొలతకు చెందినదో తెలియని ఎక్స్, వైలును అట్లే నిరుపయోగములు. చిత్రము పేరు, మూలపు కొలత, కుదింపు నిష్పత్తి, పరిశోధకుడు నిర్ణయించిన పాఠము – ఈ నాలుగును ప్రతి స్థానముతోను చేర్చి వ్రాసినపుడే మరియొకరు ఆ గుర్తును సరిచూడగలుగుదురు.